సూర్యలంక బోర్డు

తెల్లారుజాము బాపట్ల బస్సులో
ఒళ్ళో రెండు లీటర్ల నీలం ఎనామిల్, ఒక లీటరు తెలుపు,
కాళ్ళ మధ్య టర్పెంటైన్ సీసా.
పక్క సీటాయన ముక్కు మూసుకుని
"మిర్చి యార్డు ఘాటే నయమయ్యా" అన్నాడు.
నవ్వాను.
లాలాపేటలో ముప్పై ఏళ్ళుగా బోర్డులు రాస్తున్నా.
ఎరువుల కొట్లు, పళ్ళ డాక్టర్లు, చిట్‌ఫండు కంపెనీలు.
నేను రాసినవాటిలో సగం మూతబడ్డాయి,
అక్షరాలు మాత్రం ఇంకా తెరిచే ఉన్నాయి.

టూరిజం కుర్రాఫీసరు ఫోన్లో బొమ్మ చూపించాడు:
ఎక్కడో మధ్యధరా సముద్రం ఒడ్డున ఒక ఊరు.
సున్నం కొట్టిన ఇళ్ళు కొండమీంచి మెట్లుమెట్లుగా దిగుతున్నాయి,
ఒడ్డునిండా నీలం గొడుగులు,
రెండువేల ఏళ్ళనాటి రాతి రేవు,
దాని పక్కనే ఐస్‌క్రీం బండి.
"మనదీ ఇట్టా ఉండాలి మస్తాన్‌గారూ.
పైన చరిత్ర, నాలుగు లైన్లు.
కింద ఆకర్షణలు, ఆరు. నంబర్లేసి రాయండి."

కాగితంలో చరిత్ర దగ్గర ఖాళీ.
ఆకర్షణలు మాత్రం ఆరూ ఉన్నాయి:
సూర్యోదయం, సరుగుడు తోటలు, గుర్రపు స్వారీ,
కార్తీక పున్నమి స్నానాలు, కాటేజీలు,
ఆరోది "మొదలగునవి".
"చరిత్ర ఇక్కడెవర్నన్నా అడిగి రాసెయ్యండి" అంటూ
జీపెక్కి పోయాడు.

వేయించిన రొయ్యల బండి దగ్గర కొక్కిలిగడ్డ ఆదెమ్మ,
నూనె కాగేదాకా తీరిగ్గా ఉంది. అడిగాను.
గరిటెతో నీళ్ళవైపు చూపించింది.
"అదుగో, ఆ మూడో అల విరిగేచోట మా ఇల్లు.
ఇంటిముందు వాకిలి. వాకిలి ముందు వలలారేసే దిబ్బ.
దిబ్బ దాటాక, అప్పట్లో, సముద్రం."
"ఏ సంవత్సరం?"
"డెబ్బై ఏడు ఉప్పెనకి ముందు. నేను చంకలో పిల్లని.
మా అమ్మ ఇట్టాగే చెయ్యెత్తి చూపించేది.
ఆ రాత్రి సంగతి తను చెప్పలా,
నేనూ అడగలా."

రాసుకోబోయి ఆగాను.
నాలుగు లైన్లలో వాకిలినెక్కడ పెట్టను?

"ఆకర్షణలంటే ఏంది సాయిబూ?"
నేను పైకే చదువుతున్నట్టున్నా.
"చూట్టానికి బాగుండేవి. జనాన్ని లాగేవి."
"లాగేవా?"
గరిటె నూనెలోనే ఆగింది.
"పోయిన పున్నమికి గుంటూర్నించొచ్చిన పిల్లల్ని లాగింది.
ముగ్గుర్ని. ఒకడి బూట్లు ఇంకా నా బండి కిందే ఉన్నయ్.
కొత్తవి. తెల్లవి.
ఎవరూ అడగడానికి రాలా.
మీ నంబర్లలో అది ఎన్నోది?"

ఈ ఒడ్డుకి నేనూ కొత్తకాదు.
నాలుగేళ్ళ కింద ఎర్ర బోర్డు రాశాను: ప్రమాదం, ఇక్కడ లోతు.
ఆ బోర్డు ఇప్పుడు లేదు.
అది పాతిన చోటూ లేదు.

మధ్యాహ్నానికి నీలం ఆరింది. తెలుపు కలిపాను.
గాలి ఇసకని తెచ్చి తడి అక్షరాల మీద చల్లుతోంది,
"సూ" కొమ్ములో గుప్పెడు.
తుడిస్తే అక్షరం చెదురుతుంది. ఉంచేశాను.

చరిత్ర కింద ఒకే ఒక్క లైను:
"సముద్రం ఈ బోర్డుకి ఇవాళ నూట ఇరవై అడుగులు."
పక్కన తారీఖు.
మిగతా మూడు లైన్లూ నీలంగానే వదిలేశా.
ఆకర్షణల్లో ఐదు ఆయన చెప్పినట్టే, నీటుగా, స్కేలు పెట్టి.
ఆరోదాని దగ్గర "మొదలగునవి" రాయలేదు.
"లాగుతుంది. మోకాలు దాటి దిగొద్దు."
ఎర్ర పెయింటు తేలేదు,
తెలుపుతోనే, కాస్త లావుగా.

బిల్లు పాసవుతుందో లేదో.

ఆదెమ్మ రొయ్యల పొట్లం కట్టిచ్చి,
పది రూపాయలు తగ్గించుకుని,
బోర్డు ముందుకొచ్చి నిలబడింది.
చదువు రాదు. రోజూ చిల్లర లెక్కపెట్టే మనిషి, అంకెలొచ్చు.
ఒకటి నుంచి కిందకి దిగుతూ
ఆరు మీద వేలు పెట్టి నొక్కింది.

పెయింటు ఇంకా పచ్చిగానే ఉంది.
వేలిముద్ర పడింది.
దిద్దబోయి,
బ్రష్షు కడిగేసుకున్నాను.